నగర శిశువులను కాపాడిన పాల శుద్ధి

ఇరవయ్యవ శతాబ్ది తొలినాళ్లలో న్యూయార్క్ నగరంలోని లోయర్ ఈస్ట్ సైడ్ పేదవాడలలో వేసవి రాగానే శిశువుల అతిసార మరణాలు పెరిగేవి. దూర గ్రామాల నుండి రైళ్లలో వచ్చిన పాలను దుకాణాలలో మూతలేని క్యానుల నుండి ముంచి అమ్మేవారు. తగిన శీతలీకరణ లేక సూక్ష్మజీవులు విస్తరించేవి. క్షయ, టైఫాయిడ్ క్రిములు కూడా పాల ద్వారా సంక్రమించేవి. రుచి, వాసనలతో వీటిని గుర్తించుట అసాధ్యం.

నేథన్ స్ట్రాస్ 1893లో ఆ నగరంలో కేంద్రాన్ని నెలకొల్పి, పాశ్చరీకరించిన పాలను పేద కుటుంబాలకు చౌకగా అందించారు. ఈ ప్రక్రియ పోషకాలను హరిస్తుందని, పశుశాలల అపరిశుభ్రతను కప్పిపుచ్చుతుందని కొందరు వ్యతిరేకించారు. అయినను షికాగో 1908లో, క్షయ పరీక్షలో నిర్దోషమని తేలిన పశువుల పాలు మినహా, మిగిలిన పాలకు దీనిని తప్పనిసరి చేసింది.

వేడి క్రిములను నశింపజేయును గాని మలినాన్ని తొలగించదు. కనుక ఆరోగ్యవంతమైన పశువు, శుభ్రమైన పాత్ర, సత్వర శీతలీకరణ, పాశ్చరీకరణ నాలుగూ అవసరమే.