గృహదాహము – ప్రతిశ్రయ ధర్మము



గత పక్షమున ఉపన్యాసము ముగిసిన పిమ్మట ఒక భక్తురాలు, నలుగురిలో అడుగుటకు సంకోచించి, అందరును లేచిపోయిన తరువాత నా వద్దకు వచ్చినది. "అయ్యగారూ, మా వాడకట్టులో ఒకరి ఇల్లు కాలిపోయినది. భార్యాభర్తలు, ముగ్గురు పిల్లలు, ముసలి అత్తగారు. బడి వసారాలో పండుకొంటున్నారు. మా ఇంటి వెనుక వాటా ఖాళీగానే ఉన్నది. ఇద్దామంటే మావాళ్లు వద్దంటున్నారు. కాలిన ఇంటివారిని తెచ్చి పెట్టుకొంటే ఆ అరిష్టము మనకు చుట్టుకొంటుందట. శాస్త్రములో అట్లున్నదా?" అని అడిగినది. లేదని అప్పుడే చెప్పితిని. కాని ఒక్క మాటతో సరిపెట్టదగిన విషయము కాదు గనుక ఈ పక్షము దీనినే ప్రస్తావించుచున్నాను.

ధర్మశాస్త్రకారులు అశౌచమును జనన మరణములకు చెప్పిరి. ఇల్లు కాలుటచేత ఆ ఇంటివారికి మైల కలుగునని గాని, వారిని చేర్చుకొన్నవారికి అది అంటునని గాని చెప్పలేదు. మరి శ్రుతి ఏమి చెప్పినది? తైత్తిరీయ సంహితలో రెండవ కాండమున రెండవ ప్రశ్నలో ఒక విధి కలదు. ఎవని గృహమును అగ్ని దహించునో, అతడు క్షామవంతుడను పేరుగల అగ్నికి ఎనిమిది కపాలములపై సంస్కరింపబడిన పురోడాశమును సమర్పింపవలెను. తన భాగము తనకు ముట్టుటచే అగ్ని శాంతించును, మరల అతని ఇంటిని దహింపడు. ఇంతే అక్కడి తాత్పర్యము. ఆ వాక్యములో గృహస్థుని పాపము మాట లేనే లేదు. అగ్నికి ఆకలియైనది, ఇల్లు కాలినది, అతనిని శాంతింపజేయుమన్నది వేదము. వేదము వేయని నిందను మనము వేయుట ఏ అధికారముతో?

మీమాంసకులు ఈ ఇష్టిని నైమిత్తిక కర్మకు ఉదాహరణముగా చూపుదురు. నిత్యమనగా ప్రతిదినము చేయవలసినది. కామ్యమనగా ఫలము కోరి చేయునది. నైమిత్తికమనగా ఒక నిమిత్తము వచ్చి పడినప్పుడు తప్పక చేయవలసినది. ఇల్లు కాలుట అట్టి నిమిత్తము. కామ్యమును మానినవాడు ఫలమును మాత్రము పోగొట్టుకొనును. నైమిత్తికమును మానినవానికి దోషము వచ్చును. ఈ విభాగము ఆహితాగ్నులకే గాక ఇరుగుపొరుగు వారికి గూడ వర్తించునని నా అభిప్రాయము. పొరుగింటివాని ఇల్లు కాలినప్పుడు మనకును ఒక నిమిత్తము వచ్చినట్లే. "ఈ దానమువలన మాకెంత పుణ్యము?" అని లెక్క చూచువారు నైమిత్తికమును కామ్యముగా మార్చుచున్నారు.

భృగువల్లిలో అన్నమును గూర్చిన వ్రతములు వరుసగా చెప్పబడినవి. అన్నమును నిందింపరాదు, త్రోసిపుచ్చరాదు, అధికముగా సంపాదింపవలెను అని. వాటి తరువాత వెంటనే వచ్చునది వసతి. వసతి కోరి వచ్చినవానిని ఎవనినైనను కాదనరాదనుట అచ్చటి వ్రతము. అన్నదానమునకు మన దేవాలయములలో పళ్లెములు, పాత్రలు, చందా పుస్తకములు అన్నియు నున్నవి. దాని ప్రక్కనే చెప్పబడిన వసతికి మాత్రము ఏమియు లేదు. యాజ్ఞవల్క్యుడు దానప్రకరణములో అన్నము, వస్త్రము, జలములతోపాటు ప్రతిశ్రయమును గూడ లెక్కించెను. ప్రతిశ్రయమనగా ఆశ్రయమిచ్చుట. ఆ పదమే మనకు మరపునకు వచ్చినది.

ఇక ఇతిహాసమును చూడుడు. నన్నయభట్టు ఆంధ్రీకరించిన ఆదిపర్వములోనిదే ఈ కథ. వారణావతమున లక్క ఇల్లు కాలిన రాత్రి కుంతీదేవి ఐదుగురు కొడుకులతో కట్టుబట్టలతో బయటపడినది. విదురుడు పంపిన ఖనకుడు త్రవ్విన సొరంగమే వారికి దారి. అడవులలో తిరిగి తిరిగి అలసిన ఆ కుటుంబమునకు ఇల్లు వెదకి పెట్టినవాడెవడు? సాక్షాత్తు వ్యాసభగవానుడు. ఆయన వారిని ఓదార్చి ఊరకుండలేదు. వెంటబెట్టుకొని ఏకచక్రపురమునకు పోయి, ఒక బ్రాహ్మణుని ఇంట దిగవిడిచి, తాను మరల వచ్చువరకు అక్కడనే ఉండుడని చెప్పి మరీ పోయెను. వేదములను విభజించిన మహర్షికి ఒక కుటుంబము కొరకు ఇల్లు చూచుట తక్కువ పనిగా తోచలేదు. ఆ పిమ్మట పాంచాలమున వారికి చోటిచ్చినవాడు ఒక కుమ్మరి. ద్రౌపదిని తీసికొనివచ్చినది ఆ కుమ్మరి ఇంటికే. ఏకచక్రపు బ్రాహ్మణుడు ధనవంతుడేమియు కాడు. బకాసురుని వంతు తన ఇంటికి వచ్చినప్పుడు కుంతి తన కుమారుని పంపెదననగా, అతిథి ప్రాణమిచ్చి నా ప్రాణము నిలుపుకొనజాలనని మొదట నిరాకరించెను. పాండవులను ఇంట పెట్టుకొన్నందున అతనికి కలిగిన అరిష్టమేమి? ఊరి పీడయే తొలగిపోయినది.

ఈ కథ చెప్పునప్పుడెల్ల నాకొకటి బాధించును. ఆ రాత్రి లక్క ఇంట భుజించి నిద్రించిన నిషాదస్త్రీ, ఆమె ఐదుగురు కొడుకులు మంటలలో పోయిరి. ఆ ఆరుగురి దేహములనే చూచి జనులు పాండవులకై ఏడ్చిరి, ధృతరాష్ట్రుడు పాండవుల పేరనే తిలోదకములు విడిచెను. ఆ తల్లి పేరును ఎవరును అడుగలేదు. గొప్పవారి ఇల్లు కాలిన ఊరెల్ల కదలును. ఊరి చివరి గుడిసె కాలిన ఆ వాడవారే ఆర్పుకొనవలెను. ఇది ద్వాపరముతో పోయిన సంగతి కాదు.

నా సంగతి ఒకటి చెప్పక తప్పదు. నేను పదునొకండవ యేట వేదపాఠశాలలో చేరితిని. రెండవ వేసవిలో ఒక మధ్యాహ్నము వంటపాకకు నిప్పంటుకొని తాటాకు కప్పులన్నియు గడియలో బూడిదయైనవి. పుస్తకములు పోయినవి. "కంఠములోనిది కాలలేదు గదా" అని గురువుగారు నవ్విరి. ఊరివారు మమ్ము ఇంటికి ఇద్దరేసి చొప్పున పంచుకొనిరి. వారాలు చెప్పుకొని భుజించుట మాకు అలవాటే. పండుకొనుటకు చోటడుగుట మాత్రము కొత్త. మొదటి ఇంటి యజమాని మంచివాడు. కాని ప్రతి ఉదయము "పాక ఎంతవరకు వచ్చినది?" అని అడిగెడివాడు. అందు దోషమేమియు లేదు. అయినను నాలుగవ దినము నుండి నేను రెండవమారు మజ్జిగ అడుగలేదు. తరువాత ఒక వృద్ధురాలు తన ఇంటికి తీసికొనిపోయినది. ఆమె చిలుకకొయ్యమీది తన చీరలు తీసివేసి, "నీ బట్టలు ఇక్కడ వేసుకో నాయనా" అన్నది. ఎన్ని దినములని ఆమె ఎన్నడును అడుగలేదు. అరువది యేండ్లు దాటినను ఆ కొయ్య నా కన్నులయెదుట నున్నది.

మన కొంగరకలాన్ ఇప్పుడు ఆనాటి పల్లె కాదు. 2022 ఆగస్టులో జిల్లా కలెక్టరు కార్యాలయ భవనము ఇక్కడ ప్రారంభమైనది, 2023 మే నెలలో ఫాక్స్‌కాన్ పరిశ్రమకు శంకుస్థాపన జరిగినది. ఉద్యోగులు, కూలీలు వచ్చి చేరుచోట అద్దెకు ఇల్లు దొరకుట పేదవానికి తేలిక కాదు. అడ్వాన్సు లేనిదే తాళము చేతికి రాదు. ఇల్లు కాలినవాని చేతిలో అడ్వాన్సు ఎక్కడిది? చీరలు, బియ్యము అందరును తెచ్చెదరు. ఆ అడ్వాన్సును నలుగురు కలిసి కట్టి, ఇంటి యజమానికి మాట పూచీ ఉన్నచో అంతకంటె మేలు. కాగితములును కాలియుండును. తహశీల్దారుగారిచే పంచనామా వ్రాయించుట, అగ్నిమాపక కేంద్రమునుండి ధ్రువపత్రము తెచ్చుట, ఆధారు, రేషను కార్డులకు నకళ్లు పెట్టించుట, సోమవారపు ప్రజావాణిలో అర్జీ ఇచ్చుట, వీటికి చదువుకొన్న యువకుడొకడు రెండు దినములు తోడు తిరిగిన చాలును. వంటగ్యాసు బండవలన ప్రమాదమైనచో చమురు కంపెనీల బీమా కలదు. ఏజెన్సీకి ఆలస్యము లేకుండ వ్రాసి ఇయ్యవలెను. 2024 మార్చిలో మొదలైన ఇందిరమ్మ ఇండ్ల పథకములో స్వంత స్థలమున్న పేదలకు రూ. 5 లక్షలు విడతలుగా నిర్ణయించిరి. కాని పునాది లేచిన తరువాతనే మొదటి విడత. ఆ పునాదివరకు చేయూతనిచ్చుట మన వంతు.

నిన్న సాయంకాలము ఆ భక్తురాలు మరల వచ్చినది. వెనుక వాటాకు సున్నము వేయించినారట, ఇంటివారు ఒప్పుకొన్నారట. వారు దిగుటకు మంచి దినము చూడుమని అడిగినది. స్వంత ఇల్లు కట్టుకొని ప్రవేశించునాడు పిలిచినచో ఋగ్వేదము ఏడవ మండలములోని వాస్తోష్పతి సూక్తమును నేనే వచ్చి పఠింతును, సంభావన అక్కరలేదని చెప్పితిని. ఇప్పటికి మాత్రము పంచాంగము తెరువలేదు. చీకటి పడకముందే పిల్లలను తీసికొనిరమ్మని పంపితిని.