మూడో రోజు నొప్పి

పోలీసు ఉద్యోగాల నోటిఫికేషన్ పడిందని పేపర్లో చూస్తే చాలు, మర్నాడు తెల్లవారుజామున అయిదింటికల్లా హాస్టల్ వెనక గ్రౌండ్ నిండిపోతుంది. అప్పటిదాకా మెస్‌కీ రూముకీ మధ్య తప్ప నడవని వాళ్ళు కూడా పది రౌండ్లు పరుగెడతారు. ఆ పక్కనే దండీలు, బస్కీలు. మొదటి రోజు అందరికీ హుషారే. రెండో రోజు సగం మంది మంచం దిగరు. మూడో రోజు మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాలి, లెట్రిన్‌లో కూర్చోవాలంటే దేవుడు కనిపిస్తాడు. వారం తిరిగేసరికి గ్రౌండ్‌లో మిగిలేది పదిమంది. మానేసినవాళ్ళు "మన ఒంటికి ఇది పడదులే" అనుకుంటారు. మిగిలినవాళ్ళలో ఒకరిద్దరు ఏ నొప్పినీ లెక్కచెయ్యకుండా పరుగెత్తి కాలు పాడుచేసుకుంటారు. రెండు నష్టాలకూ కారణం ఒకటే. ఏ నొప్పి ఏమిటో తెలియకపోవడం. ఎం.ఎస్సీ. జువాలజీలో కండరాల పాఠం చదివాక నాకు అర్థమైనంతలో ఆ తేడా చెబుదామని ఈ వ్యాసం రాస్తున్నాను.

ఒళ్ళు నొప్పులు ఎందుకొచ్చాయని ఎవరినడిగినా ఒకటే సమాధానం: "కండరాల్లో లాక్టిక్ ఆసిడ్ పేరుకుపోయింది". జిమ్‌లో చెప్పేదీ ఇదే. వినడానికి బాగుంటుంది కానీ లెక్క కుదరదు. గట్టిగా పరుగెత్తినప్పుడు రక్తంలో లాక్టిక్ ఆమ్లం పెరిగే మాట నిజమే. పరుగు ఆపిన గంట, గంటన్నరలో అది మామూలు స్థాయికి వచ్చేస్తుంది. మనకు నొప్పి మొదలయ్యేది మర్నాడు. సాయంత్రానికే ఖాళీ అయిన గదిలో మర్నాడు ఎవరు గొడవ చేస్తున్నట్టు?

1983లో అమెరికాలో కొందరు పరిశోధకులు దీన్ని తేల్చడానికి ఒక ప్రయోగం చేశారు. కొందరిని ట్రెడ్‌మిల్ మీద సమతలంగా పరుగెత్తించారు, కొందరిని పల్లంలోకి దిగుతున్నట్టు పరుగెత్తించారు. సమతలం మీద పరుగెత్తినవాళ్ళకు లాక్టిక్ ఆమ్లం పెరిగింది, తరువాత నొప్పులు చెప్పుకోదగ్గట్టు రాలేదు. పల్లంలోకి పరుగెత్తినవాళ్ళకు లాక్టిక్ ఆమ్లం పెరగలేదు, కానీ మర్నాటి నుంచి కాళ్ళు పట్టేశాయి. పాపం, లాక్టిక్ ఆమ్లం మీద వేసిన నింద అక్కడితో తేలిపోవలసింది. ఇప్పటికీ తేలలేదు.

మరి అసలు సంగతి ఏమిటి? కండరం రెండు రకాలుగా పనిచేస్తుంది. బరువు ఎత్తేటప్పుడు కుంచించుకుపోతూ పనిచేస్తుంది. అదే బరువును నెమ్మదిగా దించేటప్పుడు సాగుతూ పనిచేస్తుంది. నీళ్ళ బిందెను ధన్‌మని పడేయకుండా మెల్లగా కింద పెడతాం కదా, అప్పుడు చేతి కండరం సాగుతూనే బరువును ఆపుతోందన్నమాట. నొప్పి తెచ్చేది ముఖ్యంగా ఈ రెండో పని. తిరుమల మెట్లెక్కినవాళ్ళకు ఇది అనుభవమే. ఎక్కేటప్పుడు రొప్పు వస్తుంది, చెమటలు కారతాయి. నడిచి దిగివస్తే మర్నాడు తొడలు పట్టేస్తాయి. గుంజీళ్ళు తీసేటప్పుడు లేవడం కష్టమనిపిస్తుంది కానీ తొడల్ని నొప్పిపెట్టేది కూర్చోవడం. జిమ్‌లో డంబెల్ ఎత్తడం కన్నా దించడం, దండీలో పైకి లేవడం కన్నా కిందికి వంగడం, ఇవన్నీ అలాంటివే.

కండరాన్ని మైక్రోస్కోపు కింద చూస్తే గొలుసు లింకుల్లాంటి చిన్న చిన్న భాగాలు వరసగా కనిపిస్తాయి. వాటినే సార్కోమియర్లు అంటారు. బరువు మీదుండగా కండరం సాగితే అన్ని లింకులూ సమానంగా సాగవు. బలహీనమైనవి ఎక్కువ సాగి చెదిరిపోతాయి. అలవాటు లేని పని తరువాత తీసిన కండరం ముక్కల్లో ఈ చెదిరిన గీతల్ని 1980ల మొదట్లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూశారు. అంతకు ఎనభై ఏళ్ళ ముందే, 1902లో, థియోడర్ హాఫ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త కండరం లోపల ఎక్కడో చిన్న చీలికలు వస్తున్నాయని అనుమానించాడు. ఇలా చెదిరినచోట శరీరం మరమ్మతు మొదలుపెడుతుంది. నీరు చేరుతుంది, కణాలు వస్తాయి, అక్కడి నరాలు సున్నితమవుతాయి. ఈ పనికి టైము పడుతుంది కాబట్టే నొప్పి వెంటనే రాదు. పన్నెండు గంటల తరువాత మొదలై, రెండో రోజుకో మూడో రోజుకో పతాక స్థాయికి వెళ్ళి, అయిదారు రోజుల్లో దానంతటదే పోతుంది.

దీనికంటే గొప్ప సంగతి ఇంకొకటుంది. అదే వ్యాయామం పది, పదిహేను రోజుల తరువాత మళ్ళీ చేస్తే మొదటిసారి వచ్చినంత నొప్పి రాదు. ఒక్కసారి చేసిన పనికే కండరం కొన్ని వారాలపాటు సిద్ధంగా ఉంటుంది. ప్రయోగశాలల్లో పదే పదే రుజువైన విషయమిది. మా అమ్మ ఏ ప్రయోగశాలా చూడలేదు. ఏటా నాట్లు మొదలైనప్పుడు మొదటి రెండు రోజులు నడుమూ తొడల వెనకా పట్టేసి రాత్రుళ్ళు మూలిగేది. "మూడు రోజులు ఓర్చుకుంటే ఒళ్ళే దారిలోకి వస్తది" అనేది. నాలుగో రోజుకి నిజంగానే మామూలుగా వంగేది. కూలిపనికి పోయే మన ఇళ్ళల్లో అందరికీ తెలిసిన ఈ విషయం, చదువుకోవడానికి హాస్టల్‌కి వచ్చిన మనం గ్రౌండ్‌లో మరిచిపోతున్నాం.

కాబట్టి మొదటి రోజు వంద బస్కీలు తీసినవాడికి ఇరవై తీసినవాడికన్నా అయిదు రెట్లు లాభం రాదు. వచ్చేది నొప్పే. ఇరవై తీసి, ఒక రోజు వదిలి, మళ్ళీ ఇరవై అయిదు తీసినవాడికి ఆ రక్షణ దాదాపు ఖర్చు లేకుండా దొరుకుతుంది. పరుగు కూడా అంతే. మొదటి వారం కొంత నడక, కొంత పరుగు కలిపి ఇరవై నిమిషాలు, అదీ రోజు విడిచి రోజు. 2022 నోటిఫికేషన్లలో రెండు తెలుగు రాష్ట్రాలూ మగవాళ్ళకు 1600 మీటర్ల పరుగు పెట్టాయి. మన హైస్కూలు గ్రౌండ్ రౌండు సుమారు రెండు వందల మీటర్లనుకుంటే ఎనిమిది రౌండ్లు. ఎనిమిది రౌండ్లకు రెండు నెలల ముందు నుంచి సిద్ధపడాలి. ప్రిలిమ్స్ రిజల్ట్ వచ్చాక మొదలుపెడదాం అనుకునేవాళ్ళకే కాళ్ళు విరుగుతున్నాయి.

నొప్పి వచ్చాక ఏం చెయ్యాలి? చాలావరకు ఏమీ చెయ్యక్కర్లేదు. కొంచెం నడిస్తే, వేడినీళ్ళు పోసుకుంటే, ఎవరైనా పిక్కలు పిసికితే కాసేపు హాయిగా ఉంటుంది. వ్యాయామానికి ముందూ వెనకా ఒళ్ళు సాగదీస్తే నొప్పి రాదని మనకు నేర్పారు. పరిశోధనలన్నీ కలిపి చూసిన 2011 నాటి సమీక్ష ప్రకారం దానివల్ల నొప్పి తగ్గేది బహు స్వల్పం. అంతకన్నా పది నిమిషాలు నెమ్మదిగా పరుగెత్తి ఒళ్ళు వేడెక్కించుకోవడం మేలు. ఒళ్ళు నొప్పిగా ఉన్న రోజుల్లో కండరానికి బలం తగ్గి ఉంటుందని మాత్రం మరవకండి. ఆ రోజు లాంగ్ జంప్ రికార్డులకు, జిమ్‌లో పందేలకు పోకూడదు.

మాత్రల సంగతి కాస్త గట్టిగానే చెప్పాలి. మనవాళ్ళు ఒళ్ళు నొప్పి అనగానే ఆర్.ఎం.పి. దగ్గరికెళ్ళి డైక్లోఫినాక్ సూది వేయించుకుంటారు, లేదంటే పరగడుపున మాత్ర మింగి గ్రౌండ్‌కి వస్తారు. ఖాళీ కడుపులో ఈ మందు పుండు చేస్తుంది. చెమట కారి ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు మూత్రపిండాల మీద భారం వేస్తుంది. మన దేశంలో రాబందులు దాదాపు అంతరించడానికి కారణం ఈ డైక్లోఫినాకే. పశువులకు వాడిన ఈ మందు చచ్చిన గొడ్ల మాంసం ద్వారా రాబందుల ఒంట్లో చేరి వాటి మూత్రపిండాల్ని చెడగొట్టింది. 2006లో పశువైద్యానికి దీన్ని నిషేధించారు. మనం రాబందులంత సున్నితం కాదు, నిజమే. అయినా రోజూ పరుగుకు ముందు మింగవలసిన మందు ఇది కాదు. పైగా ఇది చేసే పెద్ద అపకారం, ఆగమని చెప్పే నొప్పిని వినపడకుండా చెయ్యడం.

ఆగమని చెప్పే నొప్పి వేరుగా ఉంటుంది. మామూలు ఒళ్ళు నొప్పి రెండు కాళ్ళకీ వస్తుంది, కండరమంతా పరుచుకొని ఉంటుంది, కదిలితే కాస్త సడలుతుంది. దెబ్బ నొప్పి సాధారణంగా ఒక పక్కనే ఉంటుంది. ఇక్కడే అని వేలు పెట్టి చూపించగలం. ఎప్పుడు మొదలైందో కూడా చాలాసార్లు చెప్పగలం. పరుగెత్తేకొద్దీ పెరుగుతుంది.

మన గ్రౌండ్లలో ఎక్కువ మందిని దెబ్బతీసేది మోకాలికీ చీలమండకీ మధ్య ముందు ఎముక. గట్టి నేల, అరిగిపోయిన కాన్వాస్ బూట్లు, ఒక్కసారిగా పెంచిన రౌండ్లు దీనికి కారణం. గ్రౌండ్ లేక సిమెంటు వరండాలోనే స్కిప్పింగ్ చేసే బాలికల హాస్టల్ చెల్లెళ్ళకూ ఇదే బాధ. మొదట్లో ఎముక అంచు పొడుగునా సలుపుతుంది. అప్పుడే పరుగు తగ్గిస్తే సర్దుకుంటుంది. తగ్గించకపోతే ఎముకలో సన్నని పగులు రావచ్చు. అప్పుడు నొప్పి ఒకే చోట నిలుస్తుంది, రాత్రిపూట కూడా ఉంటుంది. మానడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. మా సీనియర్ ఒకాయన ఇలాంటి నొప్పితోనే నెలన్నర రోజులు మాత్రలు మింగుతూ ప్రాక్టీసు చేశాడు. ఈవెంట్స్ రోజు మూడో రౌండులో కూలబడ్డాడు. రాతపరీక్షలో మంచి మార్కులు రాగలవాడే. వాళ్ళ నాన్న హమాలీ. ఆ ఉద్యోగం మీద చెల్లెలి చదువు ఆధారపడి ఉండింది. నొప్పి మొదలైన మొదటి వారంలో పది రోజులు ఆగి ఉంటే సరిపోయేదని తరువాత చూసిన డాక్టరు గారు అన్నారట.

చీలమండ బెణికితే వెంటనే వేడినూనె రాసి రుద్దకండి, వాపు పెరుగుతుంది. గుడ్డలో చుట్టిన ఐసు పావుగంట పెట్టి, క్రేప్ బ్యాండేజీ కట్టి, కాలు దిండు మీద ఎత్తుగా పెట్టుకోవాలి. ఈ పద్ధతికి 1978లో పేరు పెట్టిన డాక్టర్ గేబ్ మిర్కిన్ తరువాత 2014లో, ఐసు నొప్పి తగ్గిస్తుంది గాని మానడాన్ని ఆలస్యం చేయవచ్చని తానే రాశాడు. కాబట్టి మొదటి రోజు నొప్పికి వాడితే చాలు, వారమంతా అక్కర్లేదు. నాలుగడుగులు వెయ్యలేకపోయినా, గిలక ఎముక మీద నొక్కితే ప్రాణం పోయినట్టున్నా ఎక్స్-రే తీయించాలి. పుత్తూరు కట్టు కట్టించుకుంటామన్నా సరే, ఎక్స్-రే చూశాకే.

అరుదైనదైనా ప్రాణం మీదికి తెచ్చేది ఒకటుంది. అలవాటు లేకుండా మరీ ఎక్కువ చేస్తే కండరం పెద్ద ఎత్తున కరిగి రక్తంలో కలిసి మూత్రపిండాల్ని అడ్డుకుంటుంది. తైవాన్‌లో ఒక స్కూల్లో అయిదు నిమిషాల్లో 120 దండీలు తీయించిన తరువాత 119 మంది విద్యార్థులకు ఇలా కండరాలు దెబ్బతిన్న సంగతి 2005లో వైద్య పత్రికలో వచ్చింది. ఆలస్యంగా వచ్చినవాళ్ళ చేత వందల గుంజీళ్ళు తీయించే సీనియర్లూ, పెద్దలూ ఇది చదవాలి. కండరాలు బాగా ఉబ్బి, చేతులు పైకి లేవక, మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే నిమ్మరసం తాగి పడుకోవద్దు. ఆ రాత్రే పెద్దాసుపత్రికి వెళ్ళాలి. వేళకు సెలైన్ పెడితే చాలామంది పూర్తిగా కోలుకుంటారు.

జిమ్‌కి వెళ్ళే తమ్ముళ్ళకు పౌడరు డబ్బాల గురించి ఒక్క మాట. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం మామూలు మనిషికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ చాలు. వ్యాయామం చేసేవాళ్ళకు ఇంకొంత కావాలి. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, వంద గ్రాముల వేరుశనగల్లో 25 గ్రాముల దాకా ఉంటుంది. మెస్‌లో గుడ్డు, పప్పు వదలకుండా తిని, గుప్పెడు పల్లీలు నానబెట్టుకుంటే చాలావరకు గడుస్తుంది. ఆ సంస్థే 2024లో కండల కోసం ప్రోటీన్ పౌడర్లు వాడవద్దని చెప్పింది. ఆ డబ్బుతో మంచి బూట్లు కొనుక్కోవచ్చు.

బూట్లు కొన్నా ఈవెంట్స్‌కి మూడు వారాల ముందే కొనండి. ఈవెంట్స్ రోజు కొత్త బూట్లు తొడిగితే బొబ్బలెక్కుతాయి. ఆఖరి వారంలో కొత్త వ్యాయామం ఏదీ మొదలుపెట్టకూడదు. చివరి మూడు రోజులు బరువులు, బస్కీలు పూర్తిగా మాని రెండు మూడు రౌండ్లు నెమ్మదిగా తిరిగితే చాలు. ఎందుకంటే మూడు రోజుల ముందు తెచ్చుకున్న నొప్పి సరిగ్గా ఆ రోజుకే పండుతుంది.