మనసు గాయానికీ మందు ఉంది

2025 నవంబర్ 3న చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్, ఆర్టీసీ బస్సు ఢీకొని 19 మంది ప్రాణాలు కోల్పోయారు. మొయినాబాద్, చేవెళ్ల మీదుగా రోజూ అదే రోడ్డున వెళ్లేవాళ్లు ఎంతోమంది. ఇలాంటి ప్రమాదాల్లో ఒంటి గాయాలు కనబడతాయి. మనసు గాయాలు కనబడవు. నిద్ర పట్టకపోవడం, ఆ దృశ్యమే కళ్లముందు మెదలడం, బస్సెక్కాలంటే గుండె దడ... ఇవి నెల దాటినా తగ్గకపోతే డాక్టర్‌కు చూపించాల్సిందే.

మన ఇళ్లలో ఇలాంటప్పుడు వచ్చే మొదటి మాట, “సబర్ చెయ్, నమాజు చదువు” అని. మాట మంచిదే. కానీ సబర్ అంటే ఏడవకపోవడం కాదు. కుమారుడు ఇబ్రాహీం చనిపోయినప్పుడు ప్రవక్త ముహమ్మద్ (స) కన్నీరు పెట్టారు. యూసుఫ్ (అ) కోసం ఏడ్చి ఏడ్చి యాఖూబ్ (అ) కళ్లు తెల్లబడ్డాయని ఖుర్ఆన్ చెబుతోంది. వాళ్లకు ఈమాన్ తక్కువని ఎవరైనా అనగలరా?

వెయ్యేళ్ల క్రితమే, 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ, శరీరానికీ మనసుకూ కలిపి ఒక ఆరోగ్య గ్రంథం రాశారు. భయం, కోపం, దుఃఖం, వస్‌వసా అని మనసు బాధలను విడదీశారు. కారణం తెలిసిన దుఃఖం వేరు, కారణం తెలియకుండా వచ్చే దుఃఖం వేరని, రెండోదానికి మూలం శరీరంలో ఉంటుందని చెప్పారు. మొదటిదానికి మంచి మాట, ఆలోచన, రెండోదానికి వైద్యం. మన కాలంలో సూడాన్‌కు చెందిన మాలిక్ బద్రీ (1932–2021) ఈ గ్రంథాన్ని మళ్లీ వెలుగులోకి తెచ్చారు.

అందుకే దువా, మందు ఒకదానికొకటి పోటీ కాదు. జిన్ పట్టిందనో, నజర్ తగిలిందనో తావీజులతో నెలలు గడిపితే జబ్బు ముదురుతుంది. మందులు వాడుతున్నవాళ్లు రంజాన్‌లో సొంతంగా ఆపేయకూడదు. డాక్టర్‌ను అడిగి వేళలు మార్చుకోవచ్చు. రోగికి ఉపవాసం నుంచి మినహాయింపు ఖుర్ఆన్‌లోనే ఉంది.

దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రిలో అడిగినా, హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు వెళ్లినా వైద్యం దొరుకుతుంది. టెలీ మానస్ నంబర్ 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. ఇంట్లో ఎవరైనా “బతకాలని లేదు” అంటే గునాహ్ అని గద్దించకండి. ఒంటరిగా వదలకండి. ముందు వినండి, ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.