‘వాడికే వస్తుందిలే’ అనుకునే ముందు

నూటికి 40 మంది. అమెరికాలో 2024లో నాలుగో గ్రేడ్ పిల్లలకు పెట్టిన జాతీయ పఠన పరీక్షలో ‘బేసిక్’ అనే కింది మెట్టు కూడా అందుకోలేకపోయినవాళ్లు. 2019లో వీళ్లు 34 శాతం, 2022లో 37. ఈ పిల్లలకు అక్షరాలు రావని కాదు. చదివిన పేరాలోంచి చిన్నపాటి అర్థం లాగడం కూడా వీళ్లకు కష్టమవుతోంది.

ఇంత మామూలు ఇబ్బంది అమెరికాలోని మన తెలుగు ఇళ్లలో మాత్రం గుట్టుగా ఉండిపోతుంది. స్పెల్లింగ్ బీ ఫైనల్స్‌లో తెలుగు పేర్లు విని మురిసిపోయే చోట, ‘మావాడికి చదవడం రావట్లేదు’ అని పొట్‌లక్‌లో నోరు విప్పే తల్లి ఎవరు? విప్పినా దొరికే ఓదార్పు ఒకటే: ‘మగపిల్లలు కాస్త నిదానం, వాడికే వస్తుందిలే’.

వస్తుందా? కోనీ జుయెల్ అనే పరిశోధకురాలు 54 మంది పిల్లల్ని ఫస్ట్ గ్రేడ్ నుంచి నాలుగో గ్రేడ్ దాకా గమనించి 1988లో ఫలితాలు ప్రకటించారు. ఫస్ట్ గ్రేడ్ చివర చదువులో వెనకబడిన పిల్లలు నాలుగో గ్రేడ్ చివరా వెనకే ఉండే అవకాశం 88 శాతం. అధ్యయనం చిన్నదే. ఆ పిల్లలు ఇక తేరుకోలేరనీ అది చెప్పలేదు. కానీ వయసు పెరిగితే అదే సర్దుకుంటుందన్న ఆశకు ఇందులో ఆధారం దొరకదు.

తెలుగు మీడియంలో చదివిన అమ్మానాన్నలకు పిల్లవాడి కష్టం తొందరగా అంతుబట్టదు. మనకు గుణింతాలు, ఒత్తులు పట్టుబడేదాకానే యాతన. ఆ తర్వాత అర్థం తెలియని మాటనైనా గడగడా చదివేస్తాం. ఇంగ్లిష్‌లో 26 అక్షరాలు దాదాపు 44 ధ్వనుల్ని మోయాలి. యూరప్‌లో 13 భాషల పిల్లల్ని పోల్చిన అధ్యయనం ఒకటి 2003లో వచ్చింది. మొదటి ఏడాది చివరికి ఫిన్లాండ్ పిల్లలు తేలిక మాటల్లో 98 శాతం సరిగ్గా చదివారు. ఇంగ్లిష్‌లో నేర్చుకునే స్కాట్లాండ్ పిల్లలు చదివింది 34 శాతమే. ఫిన్నిష్ లిపి పలికినట్టే రాసేది. ఆ లెక్కన ‘ఇంత చిన్న మాట కూడా రాదా’ అని కసురుకోవడం అన్యాయం.

దీనికి తోడు, అమెరికా బడులు చాలా ఏళ్లు పిల్లలకు ఊహించడం నేర్పాయి: మొదటి అక్షరం చూడు, బొమ్మ చూడు, సరిపోయే మాట చెప్పు. అక్షరానికీ ధ్వనికీ ఉన్న లంకెను వరసగా నేర్పితేనే మేలని జాతీయ పఠన కమిటీ 2000లోనే తేల్చింది. అయినా పాత పద్ధతి కదలలేదు. 2022లో జర్నలిస్టు ఎమిలీ హాన్‌ఫర్డ్ ‘సోల్డ్ ఎ స్టోరీ’ పాడ్‌కాస్ట్ వచ్చాకే ఇది తల్లిదండ్రుల మధ్య పెద్ద చర్చ అయింది. మీ ఇంట్లో చూడాలంటే బొమ్మను చేత్తో మూసి చదివించండి. బొమ్మ కనిపిస్తున్నప్పుడు ‘పప్’ అని ఉన్నచోట ‘డాగ్’ అంటే పిల్లవాడు బొమ్మనే చదువుతున్నాడు. ‘ఫిమ్’, ‘టోబ్’ లాంటి అర్థంలేని మాటలు రాసివ్వండి. అక్కడ ఊహ పనిచేయదు. చూపు, వినికిడి పరీక్షలు ఎలాగూ చేయించాలి.

పద్ధతి మారితే ఫలితం మారుతుందనడానికి మిసిసిపీ ఉంది. పేద రాష్ట్రం. 2013లో నాలుగో గ్రేడ్ పఠనంలో 49వ స్థానం. 2024కి తొమ్మిదో స్థానం. టీచర్లకు కొత్తగా శిక్షణ ఇచ్చారు, చిన్న తరగతుల్లోనే ఇబ్బందిని కనిపెట్టారు, చదవడం రానివాళ్లను మూడో గ్రేడ్‌లోనే ఆపారు. ఈ చివరి దానిమీద వాదనలున్నాయి. నాకూ అది మింగుడుపడదు. మొదటి రెండింటికీ వంక పెట్టలేం.

‘ఇంట్లో తెలుగు ఆపేయండి’ అనే సలహా కూడా వస్తుంటుంది. వినకండి. స్పానిష్ మాట్లాడే ఫస్ట్ గ్రేడ్ పిల్లల మీద 1993లో వచ్చిన అధ్యయనంలో, సొంత భాషలో ధ్వనుల్ని విడదీయగలిగినవాళ్లే ఇంగ్లిష్ మాటలూ బాగా చదివారు. ‘పలక’లో ‘ప’ తీసి ‘చి’ పెడితే? చిలక. ‘మొ’ పెడితే? మొలక. ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మ కారులో కూర్చుని ఆడించగల ఆట ఇది.

బడితో పని మాత్రం కాగితం మీదే జరగాలి. టెక్సస్‌లో కిండర్‌గార్టెన్ చివర, ఫస్ట్ గ్రేడ్‌లో జనవరి 31లోగా పిల్లలందరికీ డిస్లెక్సియా స్క్రీనింగ్ చేయాలి. కాలిఫోర్నియాలో 2025-26 నుంచి రెండో గ్రేడ్ దాకా ఏటా చదువు ఇబ్బందుల స్క్రీనింగ్ తప్పనిసరి. ఆ ఫలితం అడిగి తీసుకోండి. అనుమానం ఉంటే ‘స్పెషల్ ఎడ్యుకేషన్ ఇవాల్యుయేషన్ కావాలి’ అని తేదీ వేసి ఈమెయిల్ రాయండి; పార్కింగ్ లాట్‌లో టీచర్‌తో అన్న మాటకు గడువు ఉండదు. బడి ఒప్పుకుంటే, మీరు అనుమతి సంతకం పెట్టినప్పటి నుంచి ఫెడరల్ చట్టం ప్రకారం 60 రోజుల్లో పరీక్షలు ముగించాలి. రాష్ట్రం వేరే గడువు పెట్టుకుంటే అదే వర్తిస్తుంది. టెక్సస్‌లో సాధారణంగా అది 45 బడి రోజులు. అర్హత తేలితే 30 రోజుల్లో ఐఈపీ (ఆ పిల్లవాడి కోసం రాసే విద్యా ప్రణాళిక) సమావేశం. అన్నీ ఉచితం, మీ వీసా ఏదైనా సరే. పరీక్షలకు బడి కాదంటే ఆ కారణాన్ని రాతపూర్వకంగా ఇవ్వాలి. ‘ముందు చిన్న గ్రూపులో కొన్నాళ్లు చూద్దాం’ అంటే ఒప్పుకోండి, కానీ ఆ వంకతో పరీక్షను వాయిదా వేయకూడదని ఫెడరల్ విద్యాశాఖ 2011లోనే రాష్ట్రాలకు రాసింది. రెండూ ఒకేసారి నడవచ్చు.