భిలాయ్ నుంచి అరకు: సైకిల్ మీద కొండదారి

భిలాయ్‌లో స్థిరపడిన ఉత్తరాంధ్ర కుటుంబాలకు విశాఖ అంటే ఒక రాత్రి రైలు ప్రయాణం. బస్తర్, కోరాపుట్, అరకు చుట్టి సైకిల్‌పై వెళ్తే మాత్రం దాదాపు 600 కిలోమీటర్లు. రోజుకు వంద చొప్పున ఆరు రోజులు చాలుననుకుంటారు చాలామంది. ఆ లెక్క కొండ దగ్గర తప్పుతుంది. అక్కడ చూసుకోవాల్సింది దూరం కాదు, ఎత్తు.

ధమ్తరీలో 30వ నంబరు జాతీయ రహదారి ఎక్కాక కాంకేర్ దాకా ఇబ్బంది లేదు. అసలు పరీక్ష కేశ్‌కాల్ ఘాట్. నాలుగైదు కిలోమీటర్లలో పన్నెండు మలుపులు. మలుపు తిరిగే లారీకి రోడ్డంతా కావాలి. అందుకే తెల్లవారుతూనే ఎక్కేయడం మేలు.

గేర్ల సంగతి ఇక్కడే తేలుతుంది. ముందు 34 పళ్ళు, వెనక 34 పళ్ళు ఉంటే ఒక తొక్కుకు చక్రం ఒక్కసారే తిరుగుతుంది. అంటే సుమారు 2.1 మీటర్లు. నిమిషానికి 60 తొక్కితే గంటకు ఏడున్నర కిలోమీటర్లు. నడకకన్నా కాస్త నయం, అంతే! కానీ మోకాళ్ళు మిగులుతాయి. గేర్లు లేని మామూలు సైకిల్‌పై ఒక్కో తొక్కుకు చక్రం రెండుసార్లకు పైగా తిరగాలి; సామానుతో ఘాట్ ఎక్కేటప్పుడు దిగి తోయాల్సిందే.

మనిషి, సైకిల్, సంచులు కలిపి 95 కిలోలైతే ప్రతి 100 మీటర్ల ఎత్తుకు ఒంట్లో దాదాపు 90 కేలరీలు ఖర్చవుతాయి. రెండో జత బూట్లు ఇంట్లో వదిలేయడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

జగదల్‌పూర్‌లో ఒక రోజు సైకిల్‌కు సెలవివ్వాలి. 1982లో ఏర్పడిన కాంగేర్ లోయ జాతీయ ఉద్యానం దగ్గర్లోనే ఉంది. విస్తీర్ణం సుమారు 200 చదరపు కిలోమీటర్లు. తీరథ్‌గఢ్ జలపాతం, కుటుమ్‌సర్ సున్నపురాతి గుహ అందులోవే. వానాకాలంలో గుహను మూసేస్తారు కాబట్టి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. అడవిలోకి సైకిల్ తీసుకెళ్ళే విషయం గేటు దగ్గర కాదు, ముందే అటవీశాఖను అడిగి తేల్చుకోవాలి.

జయపురం దాటాక కోరాపుట్‌కు మళ్ళీ ఎక్కుడు. అరకు నుంచి అనంతగిరి మీదుగా దిగుడు. ఎక్కడంలో ఒళ్ళు అలసిపోతుంది కానీ ప్రమాదాలు దిగుడులోనే ఎక్కువ. రిమ్ బ్రేకులు అదేపనిగా నొక్కి పట్టుకుంటే రిమ్ కాలి ట్యూబు పేలవచ్చు. మలుపుకు ముందే వేగం తగ్గించి, మలుపులో బ్రేకు వదలాలి.

సాధనకు బ్రెవేలు పనికొస్తాయి. ఇవి గడువు పెట్టి జరిపే సుదూర సవారీలు: 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 600కు 40. ఓపిక పెరగడానికి మంచివే. కానీ వాటిలో బరువు సంచులుండవు. బయల్దేరే ముందు రెండు శనివారాలు నిండు సామానుతో తొక్కి చూడటమే నిజమైన సాధన.

తిరుగు ప్రయాణానికి 2024లో మొదలైన విశాఖ–దుర్గ్ వందేభారత్‌ను నమ్ముకుంటే సైకిల్ విశాఖలోనే ఉండిపోతుంది. దానికి పార్సిల్ బోగీ లేదు. వేరే రైలు చూసుకుని, పెడళ్ళు విప్పి, హ్యాండిల్ పక్కకు తిప్పి, గోనెపట్టా చుట్టి, రైలెక్కడానికి చాలా ముందే పార్సిల్ ఆఫీసులో బుక్ చేయాలి.