అంకెల రూపము - వాటి విలువ

సంఖ్య యొక్కటియే యైనను, అది కంటికి గనిపించు రూపమునుబట్టి మనస్సునకు పెద్దదిగనో చిన్నదిగనో తోచుచుండును. ఈ విషయమును విద్యార్థులేగాక తలిదండ్రులును గమనింపవలసియున్నది.

మన జిల్లాలోని కోలారు బంగారు గనులనే తీసికొందము. అవి 2001వ సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీన మూతపడినవి. అందు ఛాంపియన్ రీఫ్ గని లోతు సుమారు 3.2 కిలోమీటర్లు. ఇట్లు చెప్పినచో "ఇంతేనా" యనిపించును. 3,200 మీటర్లన్నచో ఆశ్చర్యము కలుగును. 10,500 అడుగులన్నచో గుండె ఝల్లుమనును. గని లోతు పెరుగలేదు. కొలత మాత్రమే మారినది.

కొన్ని రూపములు విలువను మరుగుపరచును, కొన్ని తేటపరచును. మన పూర్వులు భిన్నములను వ్రాసిన పద్ధతి తేటపరచునట్టిది. కాలునకు ఒక నిలువుగీత, అరకు రెండు, ముక్కాలునకు మూడు. వీసమునకు ఒక అడ్డగీత, పరకకు రెండు, మువ్వీసమునకు మూడు. వీసమనగా పదునారవ పాలు. 1957 ఏప్రిల్ 1వ తేదీకి పూర్వము రూపాయికి పదునారణాలు. కనుక అణా రూపాయిలో వీసము. గీతలు పెరిగినకొలది విలువ పెరుగుచుండుటచే చూచినంతనే బోధపడెడిది. 1/2, 1/4 అను రూపములట్టివి కావు. రెండుకంటె నాలుగు పెద్దది గదాయని 1/4నే పెద్దదిగా నెంచు పిల్లలు కలరు. 0.5కంటె 0.25 పెద్దదనుకొనుటయు నిట్టిదే. ఒక రొట్టెను ఇద్దరికి పంచినచో పాలు పెద్దదా, నలుగురికి పంచినచో పెద్దదా యని యడుగుడు. ఆ పిల్లలే సరిగా చెప్పుదురు.

మన పిల్లలు బస్సులమీద కన్నడ అంకెలను, గణిత పుస్తకమున 1, 2, 3 అను అంకెలను, ఇంటనున్న పాత తెలుగు గ్రంథములలో ౧, ౨, ౩ అను అంకెలను చూచుచుందురు. ఇన్ని రూపములు నేర్చుట భారమని కొందరు తలిదండ్రులు భయపడుదురు. ఆ భయము వలదు. తెలుగు కన్నడ అంకెలు అక్కచెల్లెండ్రవంటివి. 1, 2, 3 అను రూపములకును మూలము భారతదేశమే. అరబ్బులద్వారా అవి ఐరోపాకు చేరినవి. అందుచేతనే మన రాజ్యాంగము 343వ అధికరణమున వాటిని భారతీయ అంకెల అంతర్జాతీయ రూపమని పేర్కొన్నది. ౫ అని వ్రాసినను 5 అని వ్రాసినను చేతివ్రేళ్ళు అయిదే. ఈ సత్యము చిన్ననాడే గ్రహించిన బాలుడు రూపమునకు మోసపోడు.

పెద్దలు మోసపోవు తావు వేరొకటి కలదు. "నూటికి రెండు రూపాయల వడ్డీ" యన్నచో స్వల్పముగా వినిపించును. బ్యాంకువారు "12 శాతము" అన్నచో అధికముగా తోచును. కాని మొదటిది నెలకు, రెండవది సంవత్సరమునకు. నెలకు రెండన్నచో ఏటికి 24 శాతము. పదివేల రూపాయల అప్పునకు ఒక యేటి వడ్డీ మొదటి లెక్కను 2,400 రూపాయలు, రెండవ లెక్కను 1,200 రూపాయలు. చిన్న అంకె వెనుక రెట్టింపు భారము దాగియున్నది.

కావున ఏ సంఖ్య యెదురైనను వెంటనే నిర్ణయమునకు రాక, దానిని మరియొక రూపమునకు మార్చి చూడుడు. నెలను సంవత్సరముగను, శాతమును రూపాయలుగను, భిన్నమును రొట్టెముక్కగను మార్చుడు. తలిదండ్రులు అప్పుపత్రముపై వ్రాలు చేయుటకు ముందు ఈ లెక్కను తమ పిల్లలచేతనే వేయింతురుగాక. బడిలో నేర్చిన గణితము ఇంటికి కాపుగా నిలుచుట అప్పుడే.