కె18 గ్రాంటు

కె18 గ్రాంటు అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని జాతీయ ఆరోగ్య సంస్థలు (ఎన్.ఐ.హెచ్.) ఏర్పాటు చేసిన వృత్తి వికాస గ్రాంటులలో ఒకటి. తమ రంగంలో అప్పటికే స్థిరపడిన పరిశోధకులు మరొక రంగపు పద్ధతులను నేర్చుకొనుటకు ఇది ఉద్దేశింపబడినది. మూలకణాల పరిశోధనకు కూడా ఈ గ్రాంటును వాడారు. ప్రవర్తనా, సామాజిక శాస్త్రాలలో మౌలిక పరిశోధన కొరకు దీనిని 'ఆప్‌నెట్' అనే కార్యక్రమం ద్వారా ఇచ్చారు. ఈ వ్యాసం ప్రధానంగా ఆ రెండవ దాని గురించి.

నేపథ్యం

ఎన్.ఐ.హెచ్.లో 27 సంస్థలు, కేంద్రాలు ఉన్నాయి. వీటిలో చాలావరకు ఒక వ్యాధికో, ఒక అవయవానికో, జీవితంలోని ఒక దశకో సంబంధించినవి. అలవాటు ఎలా పాతుకుపోతుంది, భయాన్ని ఎలా నేర్చుకుంటాము, చుట్టూ ఉన్నవారిని బట్టి మన నిర్ణయం ఎలా మారుతుంది వంటి ప్రశ్నలు పొగాకు వాడకానికీ, స్థూలకాయానికీ, ఎయిడ్స్ నివారణకూ సమానంగా అవసరమైనవే. అందరికీ అవసరమైనవి కావడం చేతనే అవి ఏ ఒక్క సంస్థకూ సొంతం కాలేదు. అమెరికా కాంగ్రెసు 1993లో చేసిన చట్టాన్ని అనుసరించి 1995లో ఎన్.ఐ.హెచ్.లో ప్రవర్తనా, సామాజిక శాస్త్రాల పరిశోధనా కార్యాలయం ఏర్పడింది. 2009 నవంబరులో పలు సంస్థలు కలిసి ఆప్‌నెట్‌ను ప్రారంభించాయి.

అనుభవజ్ఞుల ఇబ్బంది

కొత్త విద్య నేర్చుకొనుటకు విద్యార్థికి పీహెచ్‌డీ ఉంది, ఆ తరువాత పోస్ట్ డాక్టరల్ ఫెలోషిప్ ఉంది. ఇరవై యేళ్ళుగా ప్రయోగశాల నడుపుతున్న ఆచార్యునికి అటువంటి దారి సులభంగా దొరకదు. అమెరికా వైద్య కళాశాలలు అనేకంలో పరిశోధకుల జీతంలో గణనీయమైన భాగం గ్రాంటుల నుండే వస్తుంది. అందువలన ఆరు నెలలు పక్కకు తప్పుకుంటే తన జీతంతో పాటు ప్రయోగశాల సిబ్బంది భృతి కూడా చిక్కులో పడుతుంది. పైగా కొత్త రంగంలో గ్రాంటుకు దరఖాస్తు చేస్తే, ఆ రంగంలో చేసిన పని చూపమంటారు. అనుభవం లేక డబ్బు రాదు, డబ్బు లేక అనుభవం రాదు. కనుక ఈ గ్రాంటు సమకూర్చేది ముఖ్యంగా సమయమే అనవచ్చు.

పని చేసే విధానం

ఆప్‌నెట్ కె18 గ్రాంటు కాలం ఆరు నెలల నుండి ఒక సంవత్సరం వరకు ఉండేది. ఇది జీతానికీ, కొంతమేరకు పరిశోధన ఖర్చులకూ ఉపయోగపడేది. దీనివలన డిగ్రీ ఏదీ రాదు. ఏమి నేర్చుకుంటారు, ఎవరి వద్ద, దానితో తరువాత ఏ పరిశోధన చేస్తారు అన్నది దరఖాస్తులో చెప్పవలసి ఉండేది. మార్గదర్శి తప్పనిసరి. ఇక్కడ గురువు శిష్యునికంటే వయసులో చిన్నవాడైనా వింతేమీ కాదు.

ఉదాహరణకు, ఎలుకలలో వ్యసనాన్ని అధ్యయనం చేసే జీవశాస్త్రజ్ఞుడు మనుషుల నిర్ణయాలను కొలిచే పద్ధతులు నేర్చుకొనవచ్చు. మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు జంతువులపై జరిపే ప్రయోగాల వైపు రావచ్చు. అయితే ఒక సంవత్సరంలో జీవశాస్త్రజ్ఞుడు సామాజిక శాస్త్రవేత్త అయిపోడు. సర్వే ప్రశ్నను తయారు చేయడం చూడడానికి తేలికగా కనిపించినా, దానిలోని పొరపాట్లు అనుభవం మీదనే తెలుస్తాయి. ఆ రంగం వారితో కలిసి పని చేయగల భాష మాత్రం ఈ కాలంలో అలవడుతుంది.

ఇటువంటి ఇతర ఏర్పాట్లు

ఎన్.ఐ.హెచ్. ఎఫ్33 సీనియర్ ఫెలోషిప్‌ను డాక్టరేటు తరువాత కనీసం ఏడేళ్ళ అనుభవం ఉన్నవారి కొరకు, గరిష్ఠంగా రెండేళ్ళ కాలానికి ఏర్పాటు చేశారు. ఇది ప్రవర్తనా శాస్త్రాలకే పరిమితం కాదు. ఫోర్డ్ ఫౌండేషన్ సహాయంతో 1954లో స్టాన్‌ఫర్డ్‌లో నెలకొల్పిన ప్రవర్తనా శాస్త్రాల ఉన్నత అధ్యయన కేంద్రం పద్ధతి వేరు. అక్కడ మార్గదర్శి గానీ, శిక్షణా ప్రణాళిక గానీ ఉండవు. వివిధ రంగాల పండితులు కొంతకాలం ఒకేచోట ఉండి తమ తమ పని చేసుకుంటారు.